స్పీకరు బాబాయి ఒప్పుకున్న బిల్లు

మా బాబాయిని వీధిలో అందరూ స్పీకరు గారు అంటారు. ఏ ఎన్నికల్లోనూ నిలబడలేదు, ఏ సభకీ ఎన్నిక కాలేదు. దర్జీ దుకాణం ముందు బెంచీ మీద మాత్రం ఆయన కూర్చున్నాడంటే చర్చ మొదలైనట్టే. ఎవరైనా గొంతు పెంచితే, "కూర్చోండి, కూర్చోండి, మీకూ అవకాశం ఇస్తాను" అంటాడు. ఇచ్చిన పాపాన పోడు.

ఉద్యోగమంతా బ్రెడ్డు ఫ్యాక్టరీలో, రాత్రి షిఫ్టు. పిన్నిది ఆసుపత్రి లాండ్రీ, పగటి షిఫ్టు. పిల్లలు చిన్నప్పుడు ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలని అలా పంచుకున్నారు. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి కాపురాలు వాళ్ళు చేసుకుంటున్నా ఆ షిఫ్టులు మారలేదు. ఆయన పిండి అంటిన చొక్కాతో వచ్చే వేళకి ఆవిడ క్యారియర్ పట్టుకుని బయల్దేరేది. "కూర మీద మూత పెట్టాను", "గ్యాస్ అయిపోయేలా ఉంది" - వాళ్ళ కాపురంలో సగం మాటలు గుమ్మంలోనే అయిపోయాయి. ఒకరి కోసం ఒకరు అంతగా మొహం వాచిన మొగుడూ పెళ్ళాల్ని నేనింకెక్కడా చూడలేదు.

చివరికి బాబాయి రిటైరయ్యాడు. పిన్నికి ఇంకో ఏడాది ఉంది. ఆ తర్వాత ఇద్దరూ పొద్దున్నే కలిసి కాఫీ తాగాలి, కూరగాయలకి కలిసి వెళ్ళాలి, మధ్యాహ్నం ఒకే వేళకి కునుకు తీయాలి. ఇంతకన్నా చవకైన కోరికలు ఎవరికైనా ఉంటాయా?

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం పెన్షన్ సవరణ బిల్లు తెచ్చింది. రిటైర్మెంటు వయసు మూడేళ్ళు పెంచుతారట. దుకాణం ముందు సభ కొలువుదీరింది. బాబాయి బిల్లు పక్షం.

"పనిచేసేవాళ్ళు తగ్గుతున్నారు, పెన్షన్ తీసుకునేవాళ్ళు పెరుగుతున్నారు. మనమే అంతా ఊడ్చుకు తినేస్తే రేపు మన పిల్లలకేం మిగులుతుంది?"

"మీకేమండీ, ఏరు దాటేశారు, ఇప్పుడు తెప్ప తగలేస్తానంటారు," అన్నాడు దర్జీ. "నాకైతే అసలు పెన్షనే లేదు. కళ్ళు కనిపించినన్నాళ్ళూ సూదే."

"కూర్చోండి, కూర్చోండి."

కొత్తగా ఉద్యోగాల్లో చేరేవాళ్ళకే ఇది వర్తిస్తుందని బాబాయి ధీమా. పిన్నికీ అదే చెప్పాడు. పిన్ని నమ్మింది.

బిల్లు నెగ్గిన సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ఇంకా రిటైర్ కాని ప్రతి ఒక్కరికీ వర్తిస్తుందని టీవీలో చెప్పారు. బఠాణీలు ఒలుస్తున్న పిన్ని చేయి ఆగింది.

"అంటే నాకు ఏడాది కాదు, నాలుగేళ్ళా?"

నాకు ఒళ్ళు మండింది. "ఇంకా వాదించు బాబాయ్, అక్కడ పిన్ని నడుం విరగ్గొట్టుకుంటుంది!" అన్నాను. పిన్ని నన్నే కసిరింది.

"ఊరుకోవే. ఆయన ఒప్పుకోబట్టి నెగ్గిందా ఏంటి?"

బాబాయి టీవీ కట్టేశాడు. "నేను చెప్పిన లెక్క ఇప్పటికీ తప్పు కాదే," అన్నాడు. "కానీ నువ్వు ఇంటికొచ్చేస్తావనుకున్నాను."

ఆ తర్వాత బెంచీ ఖాళీ. ఒకరోజు దర్జీ నన్ను ఆపి, "స్పీకరు గారికి ఒంట్లో బాగాలేదా అమ్మా? పోట్లాడ్డానికి ఎవరూ లేక కుట్టు సాగట్లేదు" అన్నాడు. ఇంటికి వెళ్తే తాళం. కంగారుపడి లాండ్రీకి పరుగెత్తాను.

లోపలంతా ఆవిరి, సబ్బు వాసన. బండ్ల నిండా ఉతికిన దుప్పట్లు. అంత పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల మడత పడదు. చెరో అంచూ పట్టుకుని లాగాలి, దగ్గరికొచ్చి అంచులు కలపాలి, మళ్ళీ వెనక్కి జరగాలి. పిన్నికి ఎదురుగా అవతలి అంచు పట్టుకుని మా స్పీకరు! నెత్తిన ప్లాస్టిక్ టోపీ. మధ్యాహ్నం దాకా ఒంటిపూట పనికి చేరాడట, మాలో ఎవరికీ చెప్పలేదు.

"అందరికీ ఒకేలా పెంచడం తప్పు. ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళని వేరుగా చూడాలి," అంటున్నాడు.

"ఈ మాట అప్పుడేమైంది?" అంది పిన్ని, అంచులు కలపడానికి దగ్గరికొస్తూ.

"అప్పుడు ఈ పని తెలీదు కదే."

నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. వాళ్ళ పక్కనున్న బండిలో కాసిని దుప్పట్లే మిగిలాయి. బాబాయి గబగబా ఇంకోటి అందుకోబోయాడు.

"కాస్త నెమ్మదిగా కానివ్వండి," అంది పిన్ని. "ఇవయ్యాక మీరు ఇంటికెళ్ళిపోతారు."