పోయిండు అన్న మాట

దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే ఉండనీయండి, చెవి ఇటు పెడితే చాలు. ఇందాక పొయ్యి మీద పల్లికాయ ఉడుకుతుంటే ఆ ఆవిరి వాసనకు సుగుణక్క యాదికొచ్చింది. అదే వేళకు నా మనుమరాలు ఫోన్‌లో ఎవరో పెద్దమనిషి మీద తీసిన డాక్యుమెంటరీ చూస్తున్నది. బరువైన గొంతొకటి ఆయన పుట్టుక, కొట్లాట, చావు వరుసగా చెప్పుకుంటూ పోతున్నది. అట్లాంటి గొంతు వినబడితే చాలు, నేను ఒక్క మాట కోసం కాచుకొని ఉంటాను.

సుగుణక్కది ఆంధ్రా పొలిమేరలోని కోదాడ. నిజాం కాలంలో దొరల మీద, రజాకార్ల మీద జనం కొట్లాడిన రోజులను మా దిక్కు సంఘం రోజులంటారు. ఆ రోజులు చూసినవాళ్లు ఒక్కొక్కరే రాలిపోతున్నారని, ఉన్నవాళ్ల ముచ్చట్లు సినిమాగా తియ్యాలని ఆమె మిర్యాలగూడలో మా పక్కింట్లో గది కిరాయికి తీసుకున్నది. నేను మూడో తరగతిలోనే బడి మానేసినదాన్ని. ఆమెకూ, కెమెరా పట్టే యాదగిరికీ వండిపెట్టడానికి కుదిరాను. వంట అయ్యాక వాళ్లతోనే ఊర్లు తిరిగేదాన్ని.

త్రిపురారం దిక్కు ఒక ఊరికి పోతే, డాక్యుమెంటరీ అన్న మాట విని భూమి డాక్యుమెంట్లు అనుకొని సగం ఊరు పాసుబుక్కులు పట్టుకొచ్చింది. "మా పొలం గెట్టు పంచాయితీ గూడ నువ్వే తెంపు మేడం" అన్నాడొక ముసలాయన. అక్క కాదనలేదు. పక్కన కూర్చొని పంచాయితీ అంతా విన్నది. అది అయ్యాకే ఆయన తన సంఘం ముచ్చట విప్పాడు. ఆమె పద్ధతే అంత. ఎవరింటికి పోయినా ముందు వాళ్ల పనిలో చెయ్యి పెట్టేది. చేతులు ఖాళీగా ఉంటేనే మనిషికి కెమెరా కనబడుతుందనేది.

నర్సవ్వ అనే ముసలామె కలిసింది ఆ ఊర్లోనే. యాదగిరి కెమెరా పెట్టగానే ఆమె రేషన్ కార్డు ఫోటో అనుకొని ఊపిరి బిగబట్టి, రెప్ప కొట్టకుండా కూర్చున్నది. ఎంత చెప్పినా కదలదు. అప్పుడు అక్క నేను ఉడకబెట్టిన పల్లికాయ గంప తెప్పించి మధ్యలో పెట్టింది. ముగ్గురం ఒలుచుకుంటూ కూర్చున్నాము. కాసేపటికి నర్సవ్వ కెమెరా సంగతే మరిచింది. తుపాకులు పట్టిన సంఘం దళం వాళ్లకు జొన్న గట్కె వండి కొంగు చాటున మోసుకుపోయిన ముచ్చట చెప్పింది. మొగుని పేరు నోట పలకలేదు. "మా ఇంటాయన పొద్దుగూకంగ ఇంత తిని, గొంగడేసుకొని పోయిండు. పోయిండు బిడ్డా" అని ఇంకో కాయ అందుకున్నది.

సినిమా తయారైంది. ఊరికి చూపెట్టే ముందు అందులో ఉన్నవాళ్లకు చూపెట్టాలన్నది అక్క పట్టు. ఒక సాయంత్రం నర్సవ్వ వాకిట్లోనే టీవీ పెట్టారు. చుట్టుపక్కల వాళ్లంతా వచ్చారు. పల్లికాయ ఒలిచే చేతులు కనబడ్డాయి, అందరూ నవ్వారు. అంతలో హైదరాబాద్‌లో ఎవరితోనో చదివించిన గొంతు, ఈమె భర్త ఆ పోరాటంలో అమరుడయ్యాడన్నది.

అమరుడంటే ఏందని నర్సవ్వ పక్కామెను అడిగింది. ఆమె తల దించుకొని చెవిలో చెప్పింది. నర్సవ్వ చెయ్యి దానంతటదే నొసటి మీది బొట్టు దగ్గరికి పోయింది. రూపాయి బిళ్లంత బొట్టు. కాళ్లకు మెట్టెలు.

"నేను పోయిండన్న గని, సచ్చిపోయిండన్ననా?"

అక్క టీవీ ఆపేసింది. ఆమె కోదాడ దిక్కు మాటలో బతికున్న మనిషి వెళ్తాడు. కాలం చేసిన మనిషే పోతాడు. మా దిక్కు బజారుకు పోయినా పోయుడే, కాటికి పోయినా పోయుడే. సర్పంచి సర్దిచెప్పబోయాడు. అమరుడంటే గౌరవమే గదా, ఇన్నేండ్లకు ఇంకేడికెల్లి వస్తడన్నాడు. నర్సవ్వ ఆయన దిక్కు చూడలేదు. అక్కనే చూసింది.

"రేపు ఆయనొచ్చి తలుపుకాడ నిలబడి, నన్నెప్పుడు సంపినవే అంటే నేనేం జెప్పాలె బిడ్డా?"

తిరుగుదారిలో అక్క ఒక్కటే మాట అన్నది. "అంత బొట్టు ఎదురుగా చూస్తూనే ఉన్నాను కదే."

సూర్యాపేటలో జనానికి సినిమా చూపెట్టే రోజు దగ్గర పడింది. మళ్లీ చదివించి అతికించే వ్యవధి లేదు. అమరుడన్న ఆ మాట జనం నడుమ ఇంకోసారి పలికితే నర్సవ్వ బొట్టు ఊరి నోట్లో తుడుచుకుపోయినట్టే. ఆమె రానే రానన్నది. అక్క పోయి గడపలో కూర్చొని, నా మీద నమ్మకముంచి రమ్మని బతిమాలి తోలుకొచ్చింది. హాలు నిండింది. ఆ చోటు రాగానే యాదగిరి సినిమాలోని గొంతు వినబడకుండా తగ్గించాడు. అక్క లేచి తెర పక్కన నిలబడ్డది. ఎప్పుడూ వెళ్ళాడు, వచ్చాడు అనే మనిషి నర్సవ్వ మాటలోనే చెప్పింది.

"ఈమె ఇంటాయన దళంలకు పోయిండు. ఇంక ఇంటికి రాలేదు."

వెనుక నుంచి ఒక పెద్దాయన, ఆయన చనిపోయిన సంగతి జగమెరిగిందే కదమ్మా అన్నాడు.

"నేను చూడలేదండి. మీరు చూశారా?"

ముందు వరుసలో నర్సవ్వ కొంగు సర్దుకొని, "గట్ల జెప్పు" అన్నది.

ఆ తరువాత సుగుణక్క ఒంట్లో బాగాలేక కోదాడలో తమ్ముని ఇంటికి బయలుదేరింది. కోదాడ బస్సు నేనే ఎక్కించాను, చేతిలో పల్లికాయ పొట్లం పెట్టాను. కిటికీలో నుంచి ఒకటి ఒలిచి నాకే ఇచ్చింది. కొన్నాళ్లకు కబురొచ్చి నేను ఉరికేసరికి అక్కను మట్టి చేసి వచ్చేశారు. ముఖం చూడలేదు. ఇప్పటికీ ఎవరి గురించి చెప్పబోయినా, ఇందులో నేను చూసిందెంత, విన్నదెంత అని ఒక్క క్షణం ఆగుతాను. ఇందాక పొయ్యి దగ్గర అక్క పేరెత్తితే మనుమరాలు ఫోన్ పక్కన పెట్టి, సినిమా తీసిన ఆ మేడం ఏమైంది నానమ్మా అన్నది. కోదాడకు పోయిందే అన్నాను. నేను చూసింది అంతే.

ఇగ లేవండి, పల్లికాయ చల్లారింది, తలా పిడికెడు తీసుకోండి. మీ గడప దాటి పోయినవాళ్లంతా దీపం పెట్టే యాళకు మళ్లీ మీ గడపే తొక్కాలి. మీ ఇంట పోయిండు అన్న మాట వెనుకే వచ్చిండు అన్న మాట వినబడాలి.