నిమిషం అక్క లెక్క

తలదెబ్బల వార్డులో ఆ పెద్ద నర్సును అందరూ నిమిషం అక్క అనేవారు. రోగి ఊపిరి లెక్కపెట్టాలంటే ఆవిడ నిండు నిమిషం మంచం పక్కన నిలబడేది. మిగతావాళ్ళు దూరం నుంచే ఓ చూపు విసిరి, చార్టులో ‘ఇరవై’ అని గీకేసేవారు. ఆ వార్డులో ఏ మనిషీ ఇరవైకి ఒకటి ఎక్కువ పీల్చిన పాపాన పోలేదు! ఆవిడ మాత్రం ఇరవై ఆరేళ్ళుగా పొట్ట మీద చెయ్యి ఆనించి లెక్కపెడుతూనే ఉంది. ఆ మొండితనానికి చేతులెత్తి మొక్కాలి.

ఆ మధ్యాహ్నం మూడో మంచం మీద, పరంజా మీంచి పడ్డ తాపీమేస్త్రీ గురకపెడుతున్నాడు. పొద్దున బాగానే మాట్లాడాడు, భార్య మీద విసుక్కున్నాడు కూడా.

“ఇప్పటికి కునుకు పట్టింది. లేపకక్కా,” అంది భార్య గుసగుసగా.

నర్సు చార్టు చూసింది. బీపీ నూట తొంభై. పొద్దున ఎనభై ఉన్న నాడి నలభై ఎనిమిదికి దిగింది. ఊపిరి ఇరవై. ఆ ఇరవై చూసి ఆవిడకు ఒళ్ళు మండింది. పొట్ట మీద చెయ్యి వేసింది. గబగబా నాలుగు, తర్వాత ఏమీ లేదు. ఆవిడ చెయ్యి తియ్యలేదు. మళ్ళీ రెండు. నిమిషానికి తొమ్మిదే. ఎంత పిలిచినా, గిల్లినా అతను కళ్ళు తెరవలేదు.

పరుగున వచ్చిన కుర్ర డాక్టరు, “బీపీ తగ్గడానికి ఇంజెక్షన్ ఇద్దాం,” అన్నాడు.

“వద్దు సార్! పుర్రె సాగదు కదా. లోపల నెత్తురు చేరినట్టుంది, ఒత్తిడి పెరిగి మెదడుకు రక్తం అందట్లేదు. ఎలాగైనా అందించాలనే ఒళ్ళు బీపీ పెంచుకుంటోంది. దాంతో గుండె నెమ్మదించింది. ఊపిరి ఆడించే చోటు కూడా నలుగుతోంది. కావాలంటే మీరే లెక్కపెట్టండి.”

డాక్టరు చెయ్యి వేశాడు. అర నిమిషానికే మొహం పాలిపోయింది. పంతానికి పోలేదు, అది అతని గొప్ప. తల ఎత్తుగా పెట్టి, ఒత్తిడి తగ్గించే మందు ఎక్కించి, స్కాను తీయించి ఆపరేషన్‌కు పంపాడు. గడ్డకట్టిన నెత్తురు తీసేశారు.

“నిద్రనుకుని కూర్చున్నానక్కా,” అని భార్య బావురుమంది.

“నీ తప్పేముందమ్మా? చదువుకున్న మేమే ఇరవై అని రాశాం.”

నాలుగో రోజు మేస్త్రీ కళ్ళు తెరిచాడు, గంజి తాగాడు, మళ్ళీ కళ్ళు మూశాడు. భార్య హడలిపోయి అతన్ని కుదిపేస్తోంది. నర్సు వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని అతని పొట్ట మీద పెట్టింది.

“నువ్వే లెక్కపెట్టు. నేను గడియారం చూస్తా.”

నిండు నిమిషం గడిచింది.

“పదహారక్కా.”

“ఇది నిద్రే. ఇక నువ్వూ పడుకో.”