గుమ్మంలో చూడవలసిన నీలం

మా అత్తగారు పోయారు. పొద్దున్నే కాఫీ కలిపి తీసుకెళ్ళేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. పిలిస్తే పలకలేదు. గ్లాసు కిటికీలో పెట్టి చెయ్యి పట్టుకుని చూశాను. అప్పటికే చల్లబడిపోయింది.

అమలాపురంలో చీర చేతబట్టుకుని మేచింగ్ జాకెట్టు గుడ్డ కోసం తిరిగినవాళ్ళలో చాలామంది ఆవిణ్ణి ఎరుగుదురు. పేరు తెలియకపోవచ్చు. మా మేచింగ్ కొట్లో అందరికీ ఆవిడ మామ్మగారే. పోయిన దగ్గర్నించీ వచ్చినవాళ్ళందరికీ ఎలా పోయారో చెప్పి చెప్పి నా నోరు ఎండిపోయింది. ఎలా బతికారని ఒక్కరూ అడగలేదు. ఒంట్లో ఓపిక లేకపోయినా అందుకే ఇది రాస్తున్నాను.

కొట్లో ఎంత రద్దీగా ఉన్నా ఆవిడ పద్ధతి ఒక్కటే. బీరువాలోంచి గుడ్డ తీసి, చీరతో సహా పట్టుకుని, కొట్టు మెట్టు మీదకి వెళ్ళిపోయేవారు. అక్కడ ఎండ వెలుగులో గుడ్డని చీర అంచుకి ఆనించి, తల కాస్త ఎడమకి వంచి చూసేవారు. నచ్చకపోతే మళ్ళీ లోపలికి, మళ్ళీ బయటికి. తొందరపడే ఆడవాళ్ళకి "రంగు కొట్లో చూసేది కాదమ్మా, గుమ్మంలో చూసేది" అని చెప్పేవారు. పెళ్ళయిన కొత్తలో నాకు ఎరుపంటే ఎరుపే. ఇటుక రంగూ, కనకాంబరం, దానిమ్మగింజ రంగూ వేరువేరని ఆ మెట్టు మీద నిలబెట్టి నేర్పింది ఆవిడే. ఇప్పుడు ఆకాశం చూసినా ఏ రంగని అడుగుతుంది నా మనసు. ఆ రుణం తీరేది కాదు.

ఇక బొమ్మల సంగతి. చెబితే మీరు నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వాను.

మా ఆయన చిన్నతనంలో, కువైట్‌లో పనిచేసి వచ్చిన ఎదురింటావిడ ఒక బొమ్మ తెచ్చి ఇచ్చిందట. చూడ్డానికి యుద్ధ విమానం. ముక్కు కిందకి వంచి, రెక్కలు సర్ది, వెనక భాగం లాగి నిలబెడితే మరమనిషి. ఆ బొమ్మ వరదలో పోయిందని మా ఆయన అంటారు. చెల్లెలు విరగ్గొడితే వరద మీద పెట్టాడని అత్తగారు అనేవారు. ఎలా పోయిందో గానీ, వాడు అన్నం మానేసి ఏడిచేడని మాత్రం ఆవిడ మర్చిపోలేదు. చాలా ఏళ్ళ తరవాత ఆవిడకి ఫోన్లో అదే బొమ్మ కనబడింది. ఆ కంపెనీవాళ్ళు పాత అచ్చుతోనే మళ్ళీ తయారుచేస్తున్నారట. తెప్పించి, జుట్టు నెరిసిన కొడుకు చేతిలో పెట్టారు.

"ఇప్పుడు నాకెందుకమ్మా?" అన్నారు మా ఆయన.

"అయితే నేనే ఉంచుకుంటాన్రా" అన్నారావిడ.

అలా మొదలైంది. అదే అచ్చులో ఎర్రది వచ్చింది, తెప్పించారు. నలుపూ వంకాయ రంగూ కలిసింది వచ్చింది, అదీ తెప్పించారు. తెల్లది, బూడిద రంగుది, నీలంది. అన్నీ ఒకటే బొమ్మ కదండీ అంటే నన్ను ఎగాదిగా చూశారు.

"మన కొట్లో ఉన్నదేవిటమ్మాయ్? ఒకటే గుడ్డ. రంగుల కోసవే గదా జనం వచ్చేది."

ఆనాటి అసలు బొమ్మలు ఇంకా అక్కడక్కడా దొరుకుతాయని, ఇష్టపడేవాళ్ళకి వాటి మీదే మోజని మా ఆడపడుచు కొడుకు చెప్పాడు. "అది ఇంకోళ్ళ పిల్లాడు ఆడుకున్నదిరా, నాకెందుకూ?" అన్నారు.

కొట్లో పాతబడిన అద్దాల బీరువా ఒకటి తన గదిలోకి తెప్పించుకుని, తానుల్లాగే లేత నించి ముదురుకి వరసగా పేర్చారు. బొమ్మతో వచ్చే స్టిక్కర్లు మనమే అంటించుకోవాలి. ఆవిడ సూది మొనతో ఎత్తి, ఊపిరి బిగబట్టి అంటించేవారు. వెలుగు తగిలితే తెలుపు పసుపెక్కుతుందని కిటికీ తెర తియ్యనిచ్చేవారు కాదు. ఆ మరమనిషి పిడికిళ్ళు విడిగా ఊడివస్తాయి. "ఊడ్చేటప్పుడు చూసుకో అమ్మాయ్, పిడికిలి కనపట్టంలేదు" అనేవారు. వంగి మంచం కింద ఆ పిడికిలి వెతకడం నాకు రోజువారీ పనైపోయింది. విసుక్కునేదాన్ని. పైకే విసుక్కునేదాన్ని. ఆవిడ ఏమీ అనుకునేవారు కాదు.

ఆవిణ్ణి కొట్టు మానిపించింది మా ఆయనే. ఉప్పలగుప్తం నించి వచ్చినవాళ్ళకి నిశ్చితార్థం చీరకి ఇచ్చిన గుడ్డ కలవలేదు. వాళ్ళు కొట్లో నలుగురి ముందూ కేకలేశారు. అప్పటికి ఆవిడకి కంట్లో శుక్లాలు తీసి ఎన్నాళ్ళో కాలేదు. "అమ్మా, నీ కళ్ళు ఇంక ఆనడంలేదు, ఇంటి పట్టున ఉండు" అన్నారు మా ఆయన. ఆ రోజు ముసురు పట్టి ఉందనీ, వెలుగే లేదనీ, మర్నాడు రమ్మంటే వాళ్ళే ఆగలేదనీ ఆవిడ చెప్పారు. ఎవరూ వినలేదు. కొట్టు కప్పు నిండా కొత్త లైట్లు వేయించారు మా ఆయన. ఇంక మెట్టెక్కి దిగే పని ఎవరికీ లేకపోయింది.

ఆవిడ మంచాన పడ్డాక, కంపెనీవాళ్ళు నీలం విమానం మళ్ళీ ఒకసారి వేశారు. ఆవిడ అదీ తెప్పించారు. అట్టపెట్టె విప్పి చూసి మా ఆయన నుదురు కొట్టుకున్నారు.

"ఉన్నదే మళ్ళీ కొన్నావేవిటమ్మా?"

"అదీ ఇదీ ఒకటి కాదురా. మొదటిది ఇంకు నీలం. ఇందులో చిటికెడు పచ్చ ఉంది. గుమ్మంలోకి తీసికెళ్ళి చూడు."

"చూస్తాలేమ్మా."

బయటికొచ్చి నాతో, కళ్ళే అనుకున్నాను, మతి కూడా పోతోంది అన్నారు. తలుపు తీసే ఉంది. ఆవిడ విన్నారు.

ఆ గది కిటికీ పక్కింటి గోడ మీదకి తెరుచుకుంటుంది. ట్యూబులైటు కింద ఆ రెండూ నాకు అచ్చంగా ఒకటే. నేను వీధిలోకి తీసికెళ్ళి చూసొస్తానండీ అంటే చెయ్యి ఊపి వద్దన్నారు. "నువ్వు కాదమ్మాయ్. కొట్టు వాడిది. వాడే చూడాలి." ఆ తరవాత కొడుకు గదిలోకి వచ్చినప్పుడల్లా అడిగేవారు. "చూసేవా నాన్నా?" ఆయన ప్రతిసారీ చూస్తాలే అనేవారు. మా ఆయన చెడ్డవాడు కాదు. ఎత్తి కూర్చోబెట్టేవారు, కాళ్ళు పట్టేవారు. ఆ ఒక్క పనే చెయ్యలేదు. ఆవిడ కూడా చివరికి అడగడం మానేశారు.

ఆఖరి చీర పి.గన్నవరం నించి ఆవిడ తమ్ముడుగారు తెచ్చారు. దానికి జాకెట్టు గుడ్డ తేవడానికి నేనే కొట్టుకి పరుగెత్తాను. మెట్టు మీద నిలబడి చూస్తుంటే కళ్ళనిండా నీళ్ళు, ఏ రంగూ ఆనలేదు. ఉరామరిగా ఒకటి పట్టుకొచ్చేశాను. కలిసిందో లేదో చెప్పగలిగిన మనిషి మరి లేవలేదు.

పెద్దకర్మ అయిపోయింది. గిన్నెలు తోమించి, పందిరి విప్పించి, చుట్టాలందర్నీ బస్సులెక్కించేసరికి నాకు నడుము నిలవడంలేదు. చివరికి రాజోలు వెళ్ళాల్సిన మా ఆడపడుచు మిగిలింది. ఆటో వాకిట్లోకి వచ్చింది. అమ్మ గుర్తుగా ఆ బొమ్మల్లో ఒకటి ఇయ్యి అన్నయ్యా అని అడిగింది.

"నీలంది రెండున్నాయి గదా, ఒకటి పట్టికెళ్ళు" అన్నారు మా ఆయన. రెండూ తీసుకుని అరుగు మీదకి వెళ్ళారు, ఏది కొత్తగా ఉంటే అది ఇద్దామని.

నేను చీపురు పట్టుకుని ఆవిడ గది గుమ్మంలో ఉన్నాను. ఆయన కదలకుండా నిలబడిపోవడం అక్కణ్ణించి కనబడుతోంది.

"అన్నయ్యా, ఆటో ఆయన తొందరపడుతున్నాడు" అంది మా ఆడపడుచు, ఆటోలో కూర్చుని.

"ఉండవే."

రెండు విమానాల్నీ రెక్కకి రెక్క ఆనించారు. అరుగు అంచుకి జరిగారు, ఎండలోకి. తల కాస్త ఎడమకి వంచారు. అది ఆవిడ వంపే.

చాలాసేపు చూశారు. తరవాత మొహం చప్పున ఇంట్లోకి తిప్పి, కొట్లోంచి కేకేసినట్టు గట్టిగా పిలిచారు.

"అమ్మా! పచ్చ ఉందమ్మా ఇందులో!"

ఆటోలో మా ఆడపడుచు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆయన పిలిచిన వైపే చూస్తూ నిలబడ్డారు. నా వెనక ఖాళీ మంచం మీద ట్యూబులైటు వెలుగుతోంది.