పంగలకర్ర నీడ

కెజియా పెకమ్ పిన్ని దేవుడి తర్వాత నమ్మింది సముద్రపు నాచునే. ఆ ఎరువు పడితేనే మా ఇసుక చేలో బంగాళాదుంప ఊరుతుంది. లేదంటే చలికాలమంతా జావే గతి. బాబాయి పోయిన ఈ పదకొండేళ్లలో, ప్రతి తుఫాను మర్నాడూ మగాళ్లకన్నా ముందే ఒడ్డుకు దిగింది. బడి మానేశాక ఆమె ఇంట్లోనే ఉంటున్నాను కాబట్టి నేనూ వెంట వెళ్తాను.

మా రోడ్ ఐలండ్ ఒడ్డున ఒకటే కట్టుబాటు. నాచు ఎత్తిపోసే పంగలకర్ర ఎవరిది కుప్పలో గుచ్చి ఉంటే కుప్ప వాళ్లది. కర్ర లేని కుప్ప అందరిదీ. మా కర్ర పిడి మధ్యలో మోకాలులా వంగి ఉంటుంది. బాబాయి చేసిన వస్తువులన్నీ అంతే.

ఆ అక్టోబరు ఉదయం పిన్ని తన ఎత్తు కుప్ప వేసి, కర్ర గుచ్చి, ఎడ్లను కట్టుకురావడానికి ఇంటికి వెళ్లింది. మా ఇంట్లో బసచేసిన బొమ్మలాయన అక్కడే కూర్చుని నూనెరంగులతో ఒడ్డును చిత్రిస్తున్నాడు.

మేం బండితో తిరిగొచ్చేసరికి కుప్పలో వేరే కర్ర ఉంది. పక్కన పొరుగు రైతు ఏసహెల్ బ్రౌనెల్ పళ్లికిలిస్తున్నాడు. మా కర్ర బొమ్మలాయన కాళ్ల దగ్గర పడుంది.

"నువ్వా పీకింది?" అని బొమ్మలాయన్ని అడిగింది పిన్ని.

"అది ఆకాశాన్ని పొడుస్తోందమ్మా. కాసేపాగి మళ్లీ గుచ్చుదామనుకున్నాను."

"ఆకాశానికి నొప్పి పుట్టిందా నాయనా?"

బ్రౌనెల్ నవ్వాడు. "అసలు నువ్వు గుచ్చావో లేదో ఎవరు చూశారు కెజియా?"

"ఆయన చెబుతున్నాడుగా!"

"నీ ఇంటి యాపిల్ పై ముక్కలు తిన్న నోరు నీకే వంత పాడుతుంది. అదిగో, బొమ్మలో కూడా కర్ర లేదు. అందులో నీ కర్ర ఆనవాలు చూపించు, కుప్పంతా నా ఎడ్లతో నేనే నీ చేలో పోస్తాను."

అందరం బొమ్మ వైపు తిరిగాం. కుప్ప, నురగ, రెండు పక్షులు. కర్ర నిజంగానే లేదు. పిన్ని మొహం వాడిపోయింది. నలుగురిలో గట్టిగా మాట్లాడటం నాకు చేతకాదు. ఆమె చేయి లాగి, "నీడ" అన్నాను.

"ఏంటే?"

"కుప్ప పక్కన ఇసుక మీద. కర్ర నీడ."

సన్నగా, పొడుగ్గా, మధ్యలో మోకాలు వంచుకుని పడుకుని ఉంది.

"అయ్యో, ఎండ జరిగిపోతుందని నీడలు ముందే వేశాను. చెరపడం మరిచాను" అంటూ బొమ్మలాయన గుడ్డముక్క అందుకున్నాడు. పిన్ని ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఆ గుడ్డ దానికి తగిలిందంటే ఈపూట నీకు యాపిల్ పై లేదు, మంచమూ లేదు!"

బ్రౌనెల్ బొమ్మకు ముక్కు ఆనించి చూశాడు. ముక్కుకు ఇసుకరంగు అంటింది. "ఇంత వంకర కర్ర ఊళ్లో ఇంకెవరికుంటుందిలే" అని గొణిగి ఎడ్లను తోలుకొచ్చాడు.

సాయంత్రం దాకా నాలుగు బళ్లు తోలాడు. బొమ్మలాయన ఆ బండినీ మనిషినీ కూడా బొమ్మలో ఎక్కించాడు.

తర్వాతి ఆదివారం బొమ్మ చూడవచ్చిన పట్నపు ఆవిడ, "ఆ బండి తోలేది మీవారా?" అని అడిగింది.

"కాదమ్మా," అంది పిన్ని, దుంపల చెక్కు తీస్తూనే. "మా పాలేరు."