అటక మీద యాసిడ్ సీసా

మధ్యాహ్నం రేకులు కాగి ఇల్లు వేడెక్కగానే అటక మీద సీసా చప్పుడు చేసేది. ఉస్స్ అని, సన్నగా, ఒక్కసారి. కింద చాప మీద పడుకున్న మా చెల్లి కూతురు కళ్ళు తెరవకుండానే అదే చప్పుడు తిరిగి చేసేది. యాసిడ్ మింగిన తర్వాత దాని గొంతులోంచి గాలి తప్ప మాట వచ్చేది కాదు. ఏ చప్పుడు ఎవరిదో తెలియక మా అమ్మ ఒకసారి పైకి, ఒకసారి కిందికి చూసేది.

అప్పటికి పిల్లకి నాలుగేళ్ళు. బాత్రూమ్ కడిగే ఆ యాసిడ్‌ని చెల్లి గాజువాకలో మా వీధి చివరి కొట్లోనే కొన్నది. సీసా కూల్‌డ్రింక్ సీసాలాగే ఉంటుంది, లోపలిది నిమ్మసోడా రంగులో ఉంటుంది. చెల్లి మూత బిగించి బకెట్ వెనక పెట్టింది. పిల్ల దాన్ని రెండు వేళ్ళతో తిప్పేసింది. ఒక్క గుక్క. అమ్మ ఉప్పునీళ్ళు కలుపుకుని పరిగెత్తుకొచ్చింది, కక్కించడానికి. నేను ఆ గ్లాసు లాక్కుని పారబోశాను. దిగేటప్పుడు కాల్చింది ఎక్కేటప్పుడు మళ్ళీ కాలుస్తుందని నేను లైబ్రరీలో చదివాను.

ఈ మాట కాస్త గర్వంగానే చెబుతున్నాను. నాది షేర్ ఆటో. చదువు పదితో ఆగిపోయింది. బస్టాండు పక్కనున్న శాఖా గ్రంథాలయమే నా కాలేజీ. పిల్లని పెద్దాసుపత్రిలో చేర్చాక నేను నేరుగా అక్కడికే వెళ్ళాను. వినియోగదారుల చట్టం మీద తెలుగులో ఉన్న పుస్తకం తీసి మూసేవేళ దాకా చదివాను. పిల్ల తరఫున తల్లి ఫిర్యాదు చేయవచ్చు. వకీలు లేకపోయినా జిల్లా కమిషన్ వింటుంది. రెండేళ్ళలోపు వెయ్యాలి. తయారుచేసినవాడు ఎవరో తేలకపోతే అమ్మినవాడే జవాబు చెప్పాలి. మా సీసా మీద ఒక పులి బొమ్మ, ఒక పేరు తప్ప ఏమీ లేవు. ఊరు లేదు, పిల్లలకు అందకుండా ఉంచమన్న మాట లేదు. ఆసుపత్రివాళ్ళు పోలీసులకు కబురు పెట్టినప్పుడు ఆ కాగితం నకలు అడిగి తీసుకున్నాను. సీసాని ఉన్నది ఉన్నట్టు పాలిథిన్ సంచిలో చుట్టి, అటకెక్కించాను. అది పోతే మా మాట ఒకటి, కొట్టువాడి మాట ఒకటి. అంతే మిగులుతుంది.

చెల్లి పేరున కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. కొట్టువాడు నాకు తెలిసినవాడే. నోటీసు అందిన రోజున నా ఆటోకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏటి బావా, బ్రేకు పడక నువ్వెవుణ్ణన్నా గుద్దితే రోడ్డు మీద కేసెడతావా?"

"బ్రేకులు లేని బండి అమ్మినోడి మీద ఎడతాను."

"పుస్తకాలు సదివితే ఇలాగే అయిపోతారు," అన్నాడు పక్కనున్నవాళ్ళతో. వాళ్ళు నవ్వారు. "పిల్లకి అందేలా ఎట్టింది మీరు. మూత సరిగ్గా బిగించలేదని కమిషన్‌లో సెప్తాను."

పిల్ల ఇంటికి వచ్చింది. అన్నవాహిక ముడుచుకుపోతోందని నెలనెలా తీసుకెళ్ళి సాగదీయించాలన్నారు. గొంతు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ముందు అటక మీదున్న అమ్మ ఇనప్పెట్టె తుప్పు పట్టింది. తర్వాత గోడ మేకులు. చివరికి తలుపు గొలుసు ఎర్రగా పొడి రాలింది. ఇంకో సంచి చుట్టాను. ఉస్సుమనడం ఆగలేదు. చెల్లి ఆ గదిలో వంట మానేసింది. పిల్ల మాత్రం సరిగ్గా అటక కిందే పడుకునేది.

"దాని గొంతు అందులో ఉండిపోనాదిరా," అంది అమ్మ ఒకరోజు. "నీకు ఇనబడతం లేదా? లోపల్నుంచి పిలుత్తంది. మూడుసార్లు దిగదుడిసి సముద్రంలో పారేత్తే పిల్లకి మాటొస్తాది."

"పారేత్తే కేసు పోతాదమ్మా."

"నీకు కేసు కావాలా, పిల్ల గొంతు కావాలా?"

ఆసుపత్రి ఖర్చు ఎవరు పెడతారని నేను అడగలేదు. మూత బిగించలేదన్న నింద చెల్లి జీవితాంతం మొయ్యాలా అని మాత్రం అడిగాను. 

వాయిదా దగ్గర పడింది. ఆ రోజు మధ్యాహ్నం ఇంటికొస్తే అటక ఖాళీ. సీసా ఉన్నచోట గుండ్రంగా ఒక తెల్లటి మచ్చ. కింద పిల్ల పైకి చూస్తూ కూర్చుంది. నా చెవి దగ్గరికి వచ్చి, "అమ్మమ్మ... సముద్రం," అని ఊదింది.

అమ్మ పుట్టిల్లు ఒడ్డునున్న పల్లె. ఆటో అక్కడికి పోనిచ్చాను. తిరగేసిన తెప్ప నీడలో అమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో పిల్ల గౌను, గౌనులో సీసా.

"తిప్పినాను," అంది నన్ను చూడకుండా. "దాని గౌను మీద మూడుసార్లు తిప్పినాను. నీళ్ళదాకా ఎల్లినాను."

"మరి?"

గెడ్డంతో ఇసకలోకి చూపించింది. ఆమె తమ్ముడి మనవలు వల దులుపుతున్నారు. చేపలకంటే సీసాలే ఎక్కువ రాలుతున్నాయి. వాళ్ళలో చిన్నది ఒక సీసా ఎత్తి, ఎండకి పట్టి, లోపల ఏముందా అని చూస్తోంది.

"నాను పారేసింది ఈ వల్లోకే వత్తాది. ఆ సిన్నది రంగు సూసి మూత తీత్తాది." అమ్మ గౌను అంచు సీసా మీదికి లాగింది. "నీ కమిషనోళ్ళు దీన్నేటి సేత్తారు?"

"లక్క సీలేసి ల్యాబుకి పంపుతారు. పరీచ్చ సేత్తారు."

"అక్కడ మూత ఇప్పి, లోపలున్నదాన్ని వదిలేత్తారా?"

"ఇప్పాలి గదమ్మా."

ఒళ్ళో గౌను మెల్లగా ఉస్సుమంది. అమ్మ దాన్ని పసిపిల్లని అందించినట్టు నా చేతికిచ్చింది. "అయితే అట్టుకెళ్ళు."

కమిషన్‌లో కొట్టువాడు అన్నమాట తప్పలేదు. మూత మేమే వదులుగా పెట్టామన్నాడు. నేను తలుపు గొలుసు ఊడదీసుకుపోయి, సీసా పక్కన పెట్టాను. మూత చివరికంటా బిగించే ఉంది, అయినా ఇనుము ఇలా అయిందన్నాను. ల్యాబు నివేదిక వచ్చింది. పూర్తిగా తిప్పినా ఆ మూత బిగియదు, పసివేళ్ళకే తిరుగుతుంది. వైద్యం ఖర్చు, పరిహారం కొట్టువాడే ఇవ్వాలని తీర్పు. తల్లి తప్పేమీ లేదని కూడా రాశారు. "పై కమిషన్‌కెల్తాను బావా," అన్నాడు గుమ్మం దగ్గర, ఈసారి నవ్వకుండా.

తీర్పు ఇంట్లో పైకి చదివాను. తన సంగతి ఉన్న వాక్యాన్ని చెల్లి మళ్ళీ చదివించుకుంది. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది. "మూత ఇప్పినట్టు రాసినారా?"

"రాసినారు."

అమ్మ పిల్ల వైపు చూసింది. రేకులు కాగుతున్నాయి. అటక మీద ఆ తెల్లమచ్చ తప్ప ఏమీ లేదు. పిల్ల చాప మీద వెల్లకిలా పడుకుని, పైకి చూసి, ఉస్స్ అంది. తర్వాత చెయ్యెత్తి మమ్మల్ని మాట్లాడవద్దన్నట్టు ఆపింది.

మేం ముగ్గురం మెదలకుండా పైకి చెవులొగ్గాం.