అత్తమ్మ ఫోన్ల మోగిన నా హోంవర్క్

మొన్న నేను చచ్చి బతికిన! నవ్వకుండ్రి, ఇప్పటికీ ఫోన్ టింగుమంటే గుండె జల్లుమంటది.

చిలకలగూడల స్పోకెన్ ఇంగ్లీష్ క్లాస్‌కు పోతున్న కదా! అత్తమ్మను బతిమిలాడి బతిమిలాడి ఒప్పించిన. "పెద్దోళ్లకు ఎదురు మాట్లాడుడు నేర్పిస్తరా అక్కడ?" అని ఆమె డౌటు. కార్ఖానా ఏరియాల ఒక క్లినిక్ రిసెప్షన్ల జాబ్ ఉంది, ఇంగ్లీష్ వస్తెనే ఇస్తరట.

ఆ రోజు సార్ బోత్, నైదర్ చెప్పిండు. ఇద్దరి గురించి మాట్లాడి, వాయిస్ మెసేజ్ క్లాస్ గ్రూప్‌ల పెట్టాలె. "నిజం చెప్పుండ్రి, అప్పుడే నోటికి వస్తది" అన్నడు. మా ఇంట్ల ఇద్దరంటే ఎవరు? అత్తమ్మ, మామయ్య! కిచెన్ తలుపు దగ్గరికేసి షురూ చేసిన. ఇద్దరూ లారీ లెక్క గురక పెడ్తరు, బోత్. కుక్కర్ విజిల్ ఇద్దరిల ఎవ్వరికీ వినపడదు, నైదర్. నేను మా అమ్మతోటి ఫోన్ల గుసగుస పెడితే మాత్రం ఇద్దరికీ వినపడతది, మళ్ల బోత్! నా ఇంగ్లీష్‌కు నాకే ముచ్చటేసింది. పంపిన.

చూస్తే, మా ఫ్యామిలీ గ్రూప్‌ల పడ్డది!

పరేషాన్ల "డిలీట్ ఫర్ మీ" కొట్టిన! నా ఫోన్లకెల్లి పోయింది, అందరి ఫోన్లల్ల అట్లనే ఉంది. ఓ దేవుడా! ఇగ క్లాస్ బంద్, జాబ్ బంద్ అనుకున్న.

అంతలనే హాల్ల నా గొంతు మోగింది. అత్తమ్మ ఏ వాయిసైనా ఫుల్ సౌండ్ పెట్టి వింటది. హాల్లకు ఉరికిన.

"గిదేందీ బిడ్డా, మదరిన్‌లా అంటున్నవ్? నేనే కదా? ఏం చెప్పినవ్?"

"హోంవర్క్ అత్తమ్మా" అన్న. "మీరు చెప్పుండ్రి, రైల్వేల చేసిండ్రు కదా" అని మామయ్యకు ఫోన్ ఇచ్చింది. మామయ్య మొత్తం విన్నడు. అద్దాల మీదికెల్లి నా దిక్కు చూసిండు.

"మనిద్దరం బంగారమట" అన్నడు.

మామయ్య కాళ్లు మొక్కాలనిపించింది! అత్తమ్మ మురిసిపోయి, "మా అన్నకు సుత పంపుత" అని ఫార్వర్డ్ కొట్టనే కొట్టింది. ఆ అన్న ఎవరు? కాప్రాల ఉండే రిటైర్డ్ ఇంగ్లీష్ సార్!

జెరసేపట్ల ఆయన వాయిస్ వచ్చింది. మళ్ల ఫుల్ సౌండ్. "చెల్లే, నీ గురక సంగతి మేం చిన్నప్పటి సంది చెప్తనే ఉన్నం, నువ్వు నమ్మలే. కోడలు ఇంగ్లీష్‌ల చెప్పింది, ఇప్పుడన్న నమ్ము!"

మామయ్య పేపర్ అడ్డం పెట్టుకున్నడు. అత్తమ్మ ఆయన్ను చూసింది, నన్ను చూసింది.

"ఇద్దరు కలిసి నన్ను పాగల్ చేసిండ్రు! ఇగ నాకు ఇంగ్లీష్ రావాల్సిందే. రేపటి సంది క్లాస్‌కు నేను సుత వస్త!"

వచ్చింది, ముందు బెంచీలనే కూసుంది. ఇయ్యాల ఆమె మొదటి హోంవర్క్. ఇద్దరి గురించి చెప్పాలె కదా, నన్నూ మా అమ్మనూ పట్టుకున్నది! ఫోన్ పట్టుకొని రికార్డ్ చేసుడు నా డ్యూటీ. నడుమ నడుమ ఆపి అడుగుతది: "బిడ్డా, నోరు పెద్దదంటే ఇంగ్లీష్‌ల ఏమంటరు?"

చెప్పిన మరి, ఏం చేస్త!