కోటేశ్వరి పథ్యం

వినుకొండ పక్కన మిర్చి కోతల కాలంలో కోటేశ్వరి గొంతు వినపడని చేను లేదు. కోతల ముఠాలో ఆడవాళ్ళందరికీ ఆవిడే పెద్ద. ఎవరు తొడిమ ఊడేట్టు కోసినా, ఎవరు పచ్చికాయ తెంపినా అవతలి గట్టు నుంచే కేకేసేది. అట్టాంటి మనిషి పోయిన ఏడాది సాలు మధ్యలో వంగి, వంగినట్టే కూలబడిపోయింది. నలుగురు పట్టి లేపాల్సి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే తిట్టిపోసేది, నవ్వకపోయేసరికి ఆవిడకి ప్రాణం చచ్చినట్టయింది. ఆ రోజు నుంచీ గట్టు మీద కుర్చీ, కుర్చీలో కోటేశ్వరి.

సుగరు, మోకాళ్ళు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. కనిగిరిలో వాళ్ళమ్మదీ ఇదే ఒళ్ళు, ఇదే ఆయాసం. చివరికి మంచం దిగకుండానే వెళ్ళిపోయింది. "నేనట్టా పోను" అని మొగుడు ప్రేమ్‌చంద్‌తో తెగేసి చెప్పింది కోటేశ్వరి. "వచ్చే కోతకి మళ్ళీ చేలో దిగుతా. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంటా."

ఊళ్ళో బుగ్గలు నొక్కుకున్నారు. తిండి తగ్గిస్తే పోయేదానికి పొట్ట కోయించుకోవడమేంటి అన్నారు. తగ్గించలేదా మరి? ఎన్నిసార్లు తగ్గించింది, ఎన్నిసార్లు మళ్ళీ పెరిగింది! పక్కవాళ్ళ ఒంటి గురించి చెప్పమంటే అందరూ డాక్టర్లే.

అసలు డాక్టరు, పట్నంలో బ్రాడీపేట సర్జన్ నస్రత్ గారు మాత్రం ఒక్క మాట దెప్పలేదు. పరీక్షలన్నీ చేయించి, "కోటేశ్వరి గారూ, మీ లివరు కొవ్వుపట్టి ఉబ్బిపోయింది. అది అడ్డం ఉంటే నేను పొట్ట మీద పనిచేయలేను. రెండు వారాలు గట్టి ఆహారం వద్దు, పల్చగా తాగేవే తీసుకోండి. బరువు దిగితేనే ఆపరేషన్" అన్నారు.

ఆ మాటే ఇంటికొచ్చి అత్తగారు వెంకటరావమ్మకి చెప్పింది. వెంకటరావమ్మకి ప్రేమ చూపించడం తెలిసింది వంటింట్లోనే. కోటేశ్వరి కాపురానికొచ్చిన నాటి నుంచీ కోడలు తినందే తను కంచం ముందు కూర్చోదు. "ఓసి, తాగేవేగా! ఆమాత్రం నేను చూసుకోలేనా?" అని ఉలవలు నానబోసింది. పొద్దుటి నుంచీ పొయ్యి మీద మరిగించి, చిక్కబడ్డాక ఘుమఘుమలాడేట్టు తాలింపు పెట్టి, పైన గరిటెడు మీగడ. ఉలవచారు తాగేదే కదా! గ్లాసులో పోసి పూటపూటా ఇచ్చింది. కోటేశ్వరి కూడా మెతుకు ముట్టకుండా నిష్ఠగా తాగింది. పిచ్చి తల్లులు, ఇద్దరికిద్దరే!

వారం గడిచాక బ్రాడీపేట వెళ్ళి మిషనెక్కితే బరువు దిగలేదు సరికదా, పెరిగింది. ఏం తాగుతున్నారని అడిగి, విని, నస్రత్ గారు తల పట్టుకున్నారు.

"ఉలవచారా? అదీ మీగడతోనా?"

"తాగేవే అన్నారు కదండీ!"

"మజ్జిగ తేట, పప్పు కట్టు, నేనిచ్చే ప్రోటీన్ పొడి. ఇవి తప్ప ఇంకేదీ వద్దు. రెండు వారాలూ మళ్ళీ మొదటి నుంచి. ఈసారీ ఇంతే అయితే నేను ఆపరేషన్ చేయనమ్మా."

దారంతా తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆ మంట ఇంటికొచ్చాక అత్త మీద పడింది. "నీ ఉలవచారుతో ఆపరేషన్ పోయేట్టుంది అత్తా. ఇక నాకేమీ పెట్టమాక" అనేసింది. వెంకటరావమ్మ మొహం మాడిపోయింది. ఉలవల గిన్నె తోమి అటకెక్కించింది.

ఇక చూడాలి కోటేశ్వరి పంతం! తాలింపు వాసన తగలకుండా తెల్లారగానే మజ్జిగ సీసా పుచ్చుకుని చేను గట్టుకి పోయేది. అక్కడ మాత్రం తక్కువా? మధ్యాహ్నం ముఠా అంతా క్యారేజీలు విప్పి, ఎవరి కూర వాళ్ళు కలిపి పక్కవాళ్ళకి తలో ముద్ద పెట్టడం అలవాటు. కోటేశ్వరికేమో తలనొప్పి, నీరసం, ఊరికే ఏడుపు. ముఠాలోని జానీబీ పక్కనే కూర్చుని, "ఒక్క ముద్దకే ఏం కాదులే అక్కా" అని చెయ్యి చాపింది.

"తియ్యవే అవతలికి! నీ మీద ప్రేమ లేక కాదు. వచ్చే కోతకి నీ పక్క సాలు నాది" అంది కోటేశ్వరి. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా చెయ్యి మాత్రం చాపలేదు.

రెండు వారాలూ అయ్యాక బ్రాడీపేటకి తనూ వస్తానని వెంకటరావమ్మ బయల్దేరింది. ఈసారి బరువు దిగింది. లివరూ దారికొచ్చింది. "ఎల్లుండి వచ్చి చేరండి" అన్నారు నస్రత్ గారు. కోటేశ్వరి బయటికొచ్చి "అత్తా, అయిందే!" అని అరిచింది. ఆ సంబరంలో గబుక్కున లేవబోయిన వెంకటరావమ్మ కళ్ళు తిరిగి మళ్ళీ బెంచీ మీద కూలబడింది.

పట్టుకుంటే తెలిసింది, ఆ భుజం ఎంత చిక్కిపోయిందో. ఇన్నాళ్ళూ తన ఆకలి గొడవలో పడి అత్త వైపు చూడనే లేదు.

"ఏమైంది అత్తా? ఏం తిన్నావు పొద్దున?"

"నువ్వు తినకుండా నాకెట్టా దిగుద్దే? పైగా చెడగొట్టింది నా చెయ్యేగా. నువ్వు తాగిందే నేనూ తాగుతున్నా."

కోటేశ్వరికి కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "చంపుతావే నన్ను!" అని చెయ్యి పట్టుకుని ఆ వీధిలోని మెస్సుకి నడిపించింది. ఒక్క భోజనం చాలని చెప్పింది. విస్తట్లో వేడన్నం, గోంగూర పచ్చడి, నెయ్యి. చెయ్యి కడుక్కుని తనే కలిపింది. తన నోట్లో నీళ్ళూరాయి.

"ముందు నువ్వు..." అంది అలవాటుగా వెంకటరావమ్మ.

"నోరు తెరువు. ఆపరేషన్ అయ్యాక నాకు చెంచాలతో పెట్టి సాకాల్సింది నువ్వే. నువ్వు పడిపోతే నాకెవరు పెడతారే?"

వెంకటరావమ్మ వెక్కివెక్కి ఏడుస్తూనే తింది. విస్తరి ఖాళీ అయ్యేదాకా కోటేశ్వరి ముద్ద తర్వాత ముద్ద పెడుతూనే ఉంది. అయ్యాక చూసుకుంటే వేళ్ళకి నెయ్యీ గోంగూరా అంటుకుని ఉన్నాయి. ఒక్క క్షణం వాటి వైపు చూసింది. తర్వాత లేచి కుళాయి దగ్గరికి పోయి, సబ్బు పెట్టి శుభ్రంగా కడిగేసుకుంది.